స్వీడన్‌లో గే హక్కులు, సమాజం తీరు: మనవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

ఏటా ఆగస్టులో, మళ్లీ జనవరిలో యూనివర్సిటీల్లో కొత్త బ్యాచ్ దిగుతుంది. వెంటనే అవే సందేహాలు మొదలు. కొన్ని విద్యార్థులవి, కొన్ని స్టాక్‌హోమ్‌లోని కిస్టా ఐటీ కంపెనీల్లో చేసేవాళ్లవి, ఈమధ్య కొన్ని తల్లిదండ్రులవి కూడా. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను, పేర్లు తీసేశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరసగా చదవాల్సిన పని లేదు.

## బయల్దేరే ముందు

అన్నా, గే అని తెలిస్తే వీసా ఆపేస్తారా? ఫారంలో చెప్పాలా?

చెప్పక్కర్లేదు. స్టూడెంట్ పర్మిట్‌కైనా వర్క్ పర్మిట్‌కైనా ఆ ప్రశ్నే ఉండదు.

నా పార్ట్‌నర్‌ని డిపెండెంట్‌గా తీసుకెళ్లొచ్చా? మాకు ఇండియాలో పెళ్లి కాలేదు, కాదు కూడా.

తీసుకెళ్లొచ్చు. భార్య, భర్త, రిజిస్టర్ అయిన భాగస్వామి, పెళ్లి లేకుండా కలిసి కాపురం చేసే ‘సంబో’ అందరినీ వలసల శాఖ మిగ్రేషన్స్‌వెర్కెట్ కుటుంబంగానే చూస్తుంది. ఇద్దరూ మగవాళ్లా, ఇద్దరూ ఆడవాళ్లా అన్నది లెక్కలోకి రాదు. చిక్కంతా రుజువుల దగ్గరే. మనవాళ్లలో చాలా జంటలు ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్నా కాగితాల మీద రూమ్మేట్లు. అద్దె అగ్రిమెంటు ఒక్కరి పేరు మీదే, కరెంటు బిల్లు ఓనరు పేరు మీద, ఓనరుకి చెప్పింది ‘కజిన్’ అని. అందుకే ప్రయాణం ఆలోచన రాగానే ఇద్దరి పేర్లతో అగ్రిమెంటు, జాయింట్ ఖాతా, ఒకే చిరునామాకు వచ్చిన ఉత్తరాలు, ఇన్సూరెన్స్ నామినీ కాగితం, కలిసి వెళ్లిన ప్రయాణాల టికెట్లు పోగుచేయడం మొదలుపెట్టండి.

ఇంకో మాట కూడా ముందే ఆలోచించుకోవాలి. డిపెండెంట్ పర్మిట్ మీ పర్మిట్‌కీ మీ బంధానికీ ముడిపడి ఉంటుంది. విడిపోతే అవతలి మనిషి సొంతంగా చదువో ఉద్యోగమో చూపించి పర్మిట్ తెచ్చుకోవాలి. ఇద్దరూ విడివిడిగా అడ్మిషనో ఉద్యోగమో సంపాదించుకుని రాగలిగితే అదే మేలు అని నా అభిప్రాయం.

ఏ ఊరైతే మంచిది?

చట్టం దేశమంతటా ఒకటే. స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్, మాల్మోల్లో బార్లు, బృందాలు, కార్యక్రమాలు ఎక్కువ. లుండ్, మాల్మోల్లో ఉంటే వంతెన దాటితే కోపెన్‌హేగన్. కానీ దీన్ని బట్టి ఊరు ఎంచుకోకండి. కోర్సును బట్టి, గది దొరికేదాన్ని బట్టి ఎంచుకోండి. స్వీడన్‌లో మనుషులకన్నా గదులకే కరువు.

## ఇదంతా ఎప్పటినుంచి?

స్వీడన్ వాళ్లు మొదటినుంచీ ఇంతేనా? వాళ్ల సంస్కృతే అంతటగా?

కాదు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కాస్త చిరాకు, ఎందుకంటే కొట్లాడి తెచ్చుకున్నవాళ్ల కష్టం ఇందులో మాయమైపోతుంది. 1944 వరకు ఇక్కడా గే సంబంధం నేరమే. ఆ ఏడాది చట్టం మారాక జనం కూడా మారిపోయారని అనుకోకండి. జరిగింది తలకిందులుగా. 1950ల్లో పత్రికలు గే వాళ్ల మీద విరుచుకుపడ్డాయి. కెయ్నె అనే పాస్టర్ ఆరోపణలతో లేచిన దుమారంలో నిల్స్ క్వెన్సెల్ అనే మంత్రి 1951లో రాజీనామా చేయాల్సి వచ్చింది. రాజు ఐదవ గుస్తాఫ్‌తో తనకు సంబంధం ఉండేదని చెప్పిన కుర్ట్ హైబీ అనే వ్యక్తికి ఆస్థానం డబ్బులిచ్చి నోరు మూయించాలని చూసింది. చివరికి 1952లో బెదిరించి డబ్బు గుంజాడని అతనికే జైలుశిక్ష పడింది. ఆర్‌ఎఫ్‌ఎస్‌ఎల్ అనే హక్కుల సంఘం 1950లో పుట్టింది ఇలాంటి గాలిలోనే, అదీ మొదట డెన్మార్క్ సంఘానికి శాఖగా.

నేరం కాకపోయినా 1979 దాకా అది జబ్బుల జాబితాలో ఉంది. ఆ ఏడాది ఆగస్టులో కొందరు ఉద్యమకారులు ఆరోగ్య, సంక్షేమ శాఖ సోషల్‌స్టీరెల్సెన్ కార్యాలయం మెట్ల మీద బైఠాయించారు. ‘జబ్బే అయితే సెలవివ్వండి, ఈరోజు గేగా ఉంది, పనికి రాలేను’ అని ఆఫీసుకు ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పుడే ఆ శాఖకు అధిపతిగా వచ్చిన డాక్టర్ బార్‌బ్రో వెస్టర్‌హోల్మ్ వాళ్లతో కూర్చుని మాట్లాడింది. కొద్ది వారాలకే ఆ జాబితాలోంచి తీసేయించింది. ఆవిడ తర్వాత ఎంపీగా కూడా ఈ హక్కుల కోసం నిలబడి, 2023లో చనిపోయింది.

తర్వాత కూడా దారి నున్నగా లేదు. ఎయిడ్స్ భయంతో 1987లో గే సౌనా (ఆవిరిస్నానాల) క్లబ్బుల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చారు, దాన్ని ఎత్తేసింది 2004లో. మరోపక్క అదే కాలంలో, 1988 నుంచి, కలిసి ఉండే జంటలకు కొంత చట్టరక్షణ వచ్చింది. 1995లో రిజిస్టర్డ్ భాగస్వామ్యం, 2003లో దత్తత హక్కు, 2009లో పెళ్లి. డెన్మార్క్ 1989లోనే భాగస్వామ్య చట్టం తెచ్చింది, నార్వే 2009 జనవరిలో పెళ్లి చట్టం తెచ్చింది. స్వీడన్ అన్నిట్లో ముందుందనే మాట స్వీడన్ వాళ్లకు ఇష్టం గానీ, ఈ రెండింట్లో పక్కదేశాలే ముందు.

పెళ్లి చట్టాన్ని ఎవరూ వ్యతిరేకించలేదా? చర్చి ఊరుకుందా?

2009 ఏప్రిల్ 1న పార్లమెంటులో 261 మంది అనుకూలంగా, 22 మంది వ్యతిరేకంగా ఓటేశారు. అధికార కూటమిలోనే ఉన్న క్రిస్టియన్ డెమోక్రాట్లు ఒప్పుకోలేదు. మే 1 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. స్వీడన్ చర్చి అదే అక్టోబరులో తన మహాసభలో ఓటు పెట్టుకుని, నవంబరు నుంచి గే జంటలకూ పెళ్లిళ్లు చేస్తోంది. ఏ పాస్టర్‌కైనా ఇష్టం లేకపోతే తాను చేయనని చెప్పొచ్చు. అప్పుడు చేసే పాస్టర్‌ని చర్చి చూపిస్తుంది. ఆ ఏడాదే స్టాక్‌హోమ్ బిషప్ అయిన ఎవా బ్రున్నె బహిరంగంగా లెస్బియన్, తోటి పాస్టర్‌తో కాపురం చేస్తున్న మనిషి.

ట్రాన్స్ వాళ్ల సంగతేంటి?

గొప్పా మచ్చా రెండూ ఇక్కడే ఉన్నాయి. చట్టప్రకారం జెండర్ మార్చుకునే వీలు కల్పించిన మొదటి దేశం స్వీడన్, 1972లో. కానీ అందుకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవాలన్న షరతు పెట్టింది. ఆ షరతు 2013 దాకా పోలేదు. ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చినవాళ్లకు ఒక్కొక్కరికి 2,25,000 క్రోనార్ల పరిహారం ఇవ్వాలని 2018లో చట్టం చేశారు. 2024 ఏప్రిల్‌లో 234–94 ఓట్లతో వచ్చిన కొత్త చట్టం 2025 జులై 1 నుంచి అమల్లో ఉంది. వయసు 18 నుంచి 16కి తగ్గింది, కాగితాల మీద మార్పునీ శస్త్రచికిత్సనీ వేరు చేశారు. ఆ ఓటుకు ముందు జరిగిన గొడవ మాత్రం చిన్నది కాదు, అధికార పక్షంలోనే చీలిక వచ్చింది.

## దిగాక: ఆఫీసు, క్లాసు, గది

ఆఫీసులో చెప్తే ఉద్యోగానికి ఎసరు వస్తుందా?

చట్టప్రకారం రాకూడదు. 2009 వివక్ష నిరోధక చట్టం ఉద్యోగం, చదువు, వైద్యం, ఇల్లు అన్నిటికీ వర్తిస్తుంది. లైంగికతను బట్టి తక్కువ చేసినా వేధించినా తప్పే. పట్టించుకోని కంపెనీ పరిహారం కట్టాల్సి రావచ్చు. మామూలుగా జరిగేది మాత్రం ఏ నాటకమూ లేని సంగతి. ఫీకా (కాఫీ విరామం) టైములో ‘వీకెండ్ ఏం చేశావ్’ అని అడుగుతారు, ‘మా ఆయనతో ఐకియా వెళ్లా’ అని ఒక అబ్బాయి అంటాడు, తర్వాత మాటలు సోఫా ధర మీదకు పోతాయి.

టీములో మనవాళ్లుంటే లెక్క వేరు. స్వీడిష్ మేనేజరుకు చెప్పి పక్క సీటు తెలుగు అన్నకు చెప్పలేనివాళ్లే నాకు ఎక్కువమంది తెలుసు. కంపెనీ మేనేజరు మీ ఇంటికి ఫోన్ చేయడు. పక్క సీటు అన్నకు మీ బావమరిది తెలిసి ఉండొచ్చు.

స్వీడిష్ వాళ్లు నిజంగానే ఒప్పుకుంటారా, పైకి నటిస్తారా?

2019 యూరోబారోమీటర్ సర్వేలో గే, లెస్బియన్, బైసెక్సువల్ మనుషులకు అందరితో సమానంగా హక్కులుండాలని స్వీడన్‌లో 98 శాతం మంది అన్నారు. యూరోపియన్ యూనియన్ సగటు 76. నటనైతే ఇంత మంది ఇంత కాలం నటించలేరు.

కాకపోతే వాళ్ల ఒప్పుకోలు చాలాసార్లు ‘నీ ఇష్టం నీది, నా దారి నాది’ అనే రకం. ఎవరూ నిలదీయరు, అలాగని ఎవరూ భుజం మీద చెయ్యి వేసి ‘ఎలా ఉన్నావురా’ అని కూడా అడగరు. మన ఊళ్లలో ప్రతివాడూ మన విషయంలో వేలు పెడతాడని విసిగిపోయి వచ్చినవాళ్లకు మొదటి ఆరు నెలలు ఇది స్వర్గం. నవంబరులో మధ్యాహ్నం మూడింటికే చీకటిపడి, ఫోన్‌లో మాట్లాడటానికి మనిషి లేనప్పుడు అదే స్వేచ్ఛ ఒంటరితనంలా కరుస్తుంది. దీన్ని ద్వేషం అనుకోకండి. గేలు కానివాళ్లతోనూ వాళ్లు అంతే.

అందరూ ఒకేలా ఉంటారనీ అనుకోకండి. 2019లో సోల్వెస్‌బోరి అనే చిన్న పట్టణంలో స్వీడన్ డెమోక్రాట్లు అనే జాతీయవాద పార్టీ ఆధ్వర్యంలోని పాలకవర్గం ఇంద్రధనుస్సు జెండా ఎగరేయడం ఆపేసింది. మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఆంటోన్ హ్యూసేన్ అనే ఆటగాడు 2011లో తాను గేనని బయటికి చెప్తే అది ప్రపంచవార్త అయింది. అంతటి దేశంలో కూడా అప్పటికి ఇంకెవరూ చెప్పలేదన్నమాట. అతని తండ్రి గ్లెన్ హ్యూసేన్ మాజీ జాతీయ ఆటగాడు. కొడుకు చెప్పడానికి నాలుగేళ్ల ముందే గే హక్కుల పండుగైన స్టాక్‌హోమ్ ప్రైడ్‌లో ప్రసంగించాడు.

రూమ్మేట్లు అందరూ తెలుగువాళ్లే. చెప్పాలా వద్దా?

తొందరేమీ లేదు. ముందు ఆ గది అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. మీరు వేరొకరి కింద సబ్‌లెట్‌లో ఉంటే, తేడా వచ్చిన రోజు సామాను సర్దుకోవాల్సింది మీరే, అదీ అర్ధరాత్రి మంచులో. సొంత అగ్రిమెంటు గానీ స్టూడెంట్ హాస్టల్ గది గానీ వచ్చాక చెప్పినా ఎవరూ మిమ్మల్ని పిరికివాడనరు. అలాగే మనవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. సంక్రాంతికి మా ఇంటికి ఇద్దరూ కలిసి రండి అని పిలిచిన అక్కలూ ఇక్కడ ఉన్నారు.

నేను ఎవరితో ఉంటున్నానో మనవాళ్లు ఇంటర్నెట్‌లో చూసేయొచ్చటగా, నిజమేనా?

నిజమే. దీని సంగతి వచ్చేముందు ఎవరూ చెప్పరు. స్వీడన్‌లో జనాభా రిజిస్టరు వివరాలు చాలావరకు బహిరంగం. రాట్‌సిట్, మెరిన్‌ఫో లాంటి సైట్లలో పేరు కొడితే చిరునామా, పుట్టినరోజు, పెళ్లయిందా లేదా, అదే చిరునామాలో ఇంకెవరుంటున్నారు అన్నీ వస్తాయి. ఇంట్లో తెలియకుండా పెళ్లి చేసుకుంటే ఆ సంగతి అక్కడ కనపడుతుంది. సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయి గురించి ఈ సైట్లలోనే వాకబు చేసే పెద్దమనుషులు తయారయ్యారు కూడా. నిజమైన ప్రాణభయం, బెదిరింపు ఉంటే పన్నుల శాఖ స్కాట్టెవెర్కెట్‌కి దరఖాస్తు పెట్టి వివరాలు గోప్యంగా ఉంచమని అడగొచ్చు. ఉత్త మొహమాటానికి అది ఇవ్వరు.

ప్రైడ్‌కి వెళ్తే ఫోటోల్లో పడిపోతానేమో?

పడొచ్చు. స్టాక్‌హోమ్ ప్రైడ్ 1998లో మొదలైంది, జులై చివరో ఆగస్టు మొదట్లోనో జరుగుతుంది. పార్టీలు, చర్చి, పోలీసులు, సైన్యం, పెద్ద కంపెనీలు అన్నీ బ్యానర్లతో నడుస్తాయి, సిటీ బస్సుల మీద కూడా చిన్న ఇంద్రధనుస్సు జెండాలు ఎగురుతాయి. ఊరంతా రోడ్డు పక్కన నిలబడి చూస్తుంది కాబట్టి చూసే గుంపులో ఉన్నంత మాత్రాన ఎవరూ ఏమీ అనుకోరు. ఊరేగింపు మధ్యలో కంపెనీ టీషర్టుతో నడిస్తే కంపెనీ లింక్డిన్ పోస్టులో తేలొచ్చు.

హెచ్‌ఐవీ టెస్టుకి వెళ్తే ఎవరికైనా చెప్తారా?

చెప్పరు. టెస్టు ఉచితం, చికిత్సా ఉచితం. స్టాక్‌హోమ్‌లో సోదర్‌షుక్‌హూసెట్ ఆసుపత్రిలోని వెన్‌హెల్సన్ క్లినిక్ 1982 నుంచి ముఖ్యంగా గే పురుషుల కోసమే నడుస్తోంది. అక్కడ సిగ్గుపడుతూ ఏమీ వివరించక్కర్లేదు, వాళ్లే మామూలుగా అడుగుతారు.

## కాపురం, పెళ్లి, పిల్లలు

సంబోగా ఉంటే చాలదా, పెళ్లెందుకు?

రోజువారీ జీవితానికి చాలు. విడిపోతే, ఇద్దరూ కలిసి ఉండటానికి కొన్న ఇల్లు, ఇంటి సామాను సగం సగం పంచుకునే హక్కుంది. కానీ సంబోకి వారసత్వం రాదు. ఒకరు చనిపోతే, వీలునామా లేకపోతే, ఆస్తి అతని తల్లిదండ్రులకో తోబుట్టువులకో పోతుంది. పదేళ్లు కాపురం చేసిన మనిషి చేతిలో ఏమీ మిగలకపోవచ్చు. పెళ్లి వద్దనుకుంటే కనీసం వీలునామా రాసుకోండి.

పెళ్లి ఎలా చేసుకోవాలి? జీలకర్ర బెల్లం పెట్టుకోవచ్చా?

ముందు స్కాట్టెవెర్కెట్‌లో పెళ్లికి అడ్డంకి ఏదీ లేదన్న సర్టిఫికెట్ తీసుకోవాలి. దాని గడువు నాలుగు నెలలు. ఇండియా నుంచి అవివాహిత ధ్రువపత్రం లాంటివి అడగొచ్చు, అది తెప్పించుకోవడమే మనవాళ్లకు పెద్ద పని. ఎందుకో చెప్పకుండా ఇంట్లోవాళ్లను ఎమ్మార్వో ఆఫీసుకి పంపడం ఎంత కష్టమో ఊహించుకోండి. తర్వాత కౌంటీ పాలనా సంస్థ లెన్స్‌స్టీరెల్సెన్ నియమించిన అధికారి ముందు ఇద్దరు సాక్షులతో పెళ్లి. స్టాక్‌హోమ్ సిటీ హాల్లో చిన్న తంతు అయితే నిమిషాల్లో అయిపోతుంది. చట్టానికి కావలసింది ఇంతవరకే. ఆ తర్వాత జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అరిటాకు భోజనం మీ ఇష్టం, మీ పురోహితుడి ఇష్టం.

పిల్లల సంగతి?

ఇద్దరు ఆడవాళ్లయితే దారి సులువు. 2005 నుంచి ప్రభుత్వ వైద్యంలోనే దాత వీర్యంతో చికిత్స ఉంది. 2022 నుంచి, పెళ్లయిన జంటలో బిడ్డను కన్న అమ్మ భార్యను కూడా పుట్టుకతోనే తల్లిగా పరిగణిస్తున్నారు. ఇద్దరు మగవాళ్లకు కష్టం. సరోగసీ స్వీడన్ వైద్యంలో లేదు. 2021 చట్టం తర్వాత ఇండియాలో ఆ దారి గే జంటలకు పూర్తిగా మూసుకుపోయింది. దత్తతకు హక్కు ఉన్నా చాలా దేశాలు గే జంటలకు పిల్లల్ని ఇవ్వవు. ఎలా వచ్చిన బిడ్డయినా పేరెంటల్ లీవు అందరితో సమానంగా 480 రోజులు.

## తేడా వస్తే

రోడ్డు మీద చెయ్యి పట్టుకుని నడుస్తుంటే తిట్టారు. పోలీసులు పట్టించుకుంటారా?

ఫిర్యాదు చేయండి. ప్రమాదం అప్పుడే జరుగుతుంటే 112, తర్వాతైతే 114 14. చెప్పేటప్పుడు వాళ్లు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పి, ద్వేషంతో చేసినట్టు రాయమనండి. ఆ ఉద్దేశం రుజువైతే శిక్ష పెరుగుతుంది. ఆఫీసులో, కాలేజీలో వివక్ష అయితే ఫిర్యాదు వెళ్లాల్సింది వివక్ష వ్యవహారాల అంబుడ్స్‌మన్‌కి. ప్రతి కేసూ తేలుతుందని చెప్పను, సాక్షులు లేని తిట్ల కేసులు చాలావరకు మూతపడతాయి. అయినా రికార్డులో ఉండటం మంచిది.

గే వాళ్లను ఏమన్నా అంటే జైలేనటగా?

కాదు. సమూహం మీద ద్వేషం రెచ్చగొట్టడం నేరమనే చట్టంలో 2003 నుంచి లైంగికత కూడా చేరింది. ఆ ఏడాదే ఓకె గ్రీన్ అనే పాస్టర్ చర్చిలో చాలా ఘాటుగా ప్రసంగించాడు. కింది కోర్టు నెల రోజుల జైలు వేసింది. అప్పీలు కోర్టు కొట్టేసింది. 2005 నవంబరులో సుప్రీంకోర్టు కూడా అతన్ని నిర్దోషిగానే వదిలింది. మీకు నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది. ఉద్యోగం ఇవ్వననే హక్కు లేదు.

ఇంటికి రమ్మంటున్నారు. వెళ్తే పాస్‌పోర్టు లాక్కుని పెళ్లి చేసేస్తారని భయంగా ఉంది.

మీ భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బలవంతపు పెళ్లి 2014 నుంచి స్వీడన్‌లో నేరం, మోసంతో పెళ్లికి విదేశం తీసుకెళ్లడం కూడా. కానీ మీరు విమానం ఎక్కాక స్వీడన్ చేయగలిగింది చాలా తక్కువ, ముఖ్యంగా మీది ఇండియన్ పాస్‌పోర్టు అయితే. అందుకే వెళ్లేముందే యూనివర్సిటీ కౌన్సెలర్‌కో ఆర్‌ఎఫ్‌ఎస్‌ఎల్‌కో చెప్పి ఉంచండి. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు కాపీలు నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి. తిరుగు టికెట్టు మీ డబ్బుతో మీరే కొనండి. వీలైతే ఆ ప్రయాణమే వాయిదా వేయండి, పరీక్షలున్నాయని చెప్తే మన ఇళ్లలో ఎవరూ కాదనరు.

## ఇంటి వైపు

ఇక్కడ చేసుకున్న పెళ్లి ఇండియాలో చెల్లుతుందా?

చెల్లదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు గే సంబంధాల్ని నేరంగా చూసిన సెక్షన్ 377 నుంచి విముక్తి ఇచ్చింది గానీ, 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు ఇవ్వలేమంది. ఆ కేసు వేసినవాళ్లలో హైదరాబాద్ జంట కూడా ఉంది. కాబట్టి హైదరాబాద్‌లో మీ ఫ్లాట్, పొలం మీ భాగస్వామికి తనంతట తానుగా రావు, వీలునామా రాయాలి. జాయింట్ బ్యాంకు ఖాతాకీ, భాగస్వామిని నామినీగా పెట్టడానికీ అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ స్పష్టం చేసింది.

మా అబ్బాయి స్వీడన్ వెళ్లాకే ఇలా మారాడండీ. అక్కడి గాలి తగిలిందా?

లేదమ్మా. అక్కడి గాలికే మారేదైతే ఆ దేశంలో అందరూ మారిపోవాలి కదా. మీ అబ్బాయికి ఇంటర్‌లోనే తెలిసి ఉంటుంది, చెప్పే ధైర్యం రాలేదు. అక్కడ ఉద్యోగం పోదని, ఇల్లు పోదని తెలిశాక నోరు తెరిచాడు. మీకు కోపం, భయం, బంధువుల ముందు తలవంపు అన్నీ ఉంటాయి, ఉండకూడదని నేను చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. అక్కడ చలికాలం చీకట్లో ఒంటరిగా ఉన్న పిల్లవాడికి ఫోన్ చేయడం ఆపకండి. స్వీడన్ ప్రజారోగ్య సంస్థ కూడా ఇలాంటి యువతలో మానసిక ఆరోగ్యం మిగతావాళ్లకన్నా బాగోలేదని చెప్పింది. ‘అన్నం తిన్నావా’ అని అడగడానికి మీరు దేన్నీ ఒప్పుకోవాల్సిన పని లేదు.

ఇంట్లో చెప్పకుండా ఇక్కడే ఉండిపోతే తప్పా?

తప్పేం కాదు, చాలామంది అలాగే ఉన్నారు. చెల్లికి తెలుసు, నాన్నకు తెలియదు. వీడియో కాల్ వస్తే భాగస్వామి వంటింట్లోకి వెళ్లిపోతాడు. అది ఎన్నేళ్లు మోయగలరో మీకే తెలియాలి. ఒక్క పని మాత్రం ఈ వారమే చేసుకోండి. ఇక్కడ ఆసుపత్రిలో మీ దగ్గరి మనిషి ఎవరని అడిగితే మీరు ఎవరి పేరైనా చెప్పొచ్చు, రక్తసంబంధం ఉండక్కర్లేదు. ఆ పేరు, నంబరు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఫోన్ ఎమర్జెన్సీ కాంటాక్టులో కూడా పెట్టండి. ఆఫీసు ఫారంలో ఇప్పటికీ గుంటూరులో ఉన్న నాన్నగారి నంబరే ఉంటే మార్చండి.